లొంగిపోయిన రోజు రాత్రి: ఎం-612 జాడలో కీల్ నుంచి సోనర్‌బోర్గ్ దాకా

ఎం-612 అనే ఓడ జర్మన్ నౌకాదళంలో చేరింది 1945 ఏప్రిల్ 11న. బెర్లిన్ చుట్టూ ఉచ్చు బిగుసుకుంటున్న రోజులవి. రోస్టాక్‌లోని నెప్ట్యూన్ ఓడల కర్మాగారంలో తయారైన ఈ మైన్‌స్వీపర్ (సముద్రంలో పరిచిన మందుపాతరల్ని, అంటే మైన్లను, ఏరే ఓడ) నెల రోజులు కూడా తిరగకుండానే యుద్ధం ముగిసింది. సముద్రంలో ఎన్ని మైన్లు ఏరిందన్న లెక్కతో ఈ ఓడను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మే 5 ఉదయం డెన్మార్క్‌లోని జర్మన్ బలగాల లొంగుబాటు అమల్లోకి వచ్చింది. అదే రోజు రాత్రి ఈ ఓడ నావికుల్లో పదకొండు మందిని సొంత నౌకాదళమే కాల్చి చంపింది. ఎం-612 పేరు మిగిలింది అందుకే.

మా నాన్న విశాఖపట్నంలో నౌకాదళంలో చేశారు. సోవియట్ యూనియన్‌లో కట్టిన మైన్‌స్వీపర్ మీద ఆయన ఉద్యోగం. అందుకే మైన్‌స్వీపర్ అన్న మాట ఎక్కడ కనబడినా ఆగి చదువుతాను. హాంబర్గ్‌లో ఉద్యోగానికి వచ్చాక ఎం-612 గురించి చదివాను. ఆ తేదీల్లోనే ఆ తీరం చూడాలని అప్పుడే అనుకున్నాను. పిన్ని కొడుకు కీల్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. తోడు వస్తానన్నాడు.

మే 2, కీల్, లాబో

కీల్‌లో చూడవలసిన మొదటి చోటు ఓడరేవు కాదు. రైల్వే స్టేషన్‌కు కాస్త దూరంలో రాట్స్‌డీనర్‌గార్టెన్ అనే చిన్న పార్కు ఉంది. అందులో 1918 నావికుల తిరుగుబాటుకు 1982లో పెట్టిన స్మారకం ఉంది. ఎం-612 కథ అక్కడి నుంచి మొదలుపెట్టకపోతే అర్థం కాదు.

1918 అక్టోబర్ చివర్లో ఒక పక్క సంధి మాటలు నడుస్తుండగానే, బ్రిటిష్ నౌకాదళంతో ఆఖరి యుద్ధానికి బయలుదేరమని జర్మన్ నావికాధికారులు ఆజ్ఞ ఇచ్చారు. ఓడిపోయిన యుద్ధంలో అధికారుల పరువు కోసం చావడానికి నావికులు ఒప్పుకోలేదు. బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్లు మంటలు ఆర్పేశారు. అరెస్టయినవాళ్లను కీల్‌కు తెచ్చారు. నవంబర్ 3న వీధుల్లో కాల్పులు జరిగాయి. మర్నాటికి ఊరు నావికుల చేతుల్లో ఉంది. అదే వారంలో జర్మన్ చక్రవర్తి కైజర్ గద్దె దిగాడు. 1945లో ఓడల మీద తీర్పులు చెప్పిన పెద్ద అధికారుల తరం అప్పుడు యువకులు. 'మళ్లీ 1918 రాకూడదు' అన్న పంతాన్ని వాళ్లు మనసులో పెట్టుకుని ఇరవై ఏడేళ్లు మోశారు.

పార్కు బయట ఒక బండి దగ్గర పొగబెట్టిన చిన్న చేపలు అమ్ముతున్నారు. కీల్ స్ప్రాట్లంటారు. బంగారు రంగులో, వేలంత పొడుగు, అచ్చం మన నెత్తళ్లలా ఉన్నాయి. తల, తోక తీయకుండా అలాగే నమలాలని అమ్మే ఆవిడ తిని చూపించింది. ఈ చేపలకు నిజంగా పొగబెట్టేది పక్కనున్న ఎకర్న్‌ఫోర్డేలోనట. రైల్లో ఎగుమతయ్యే పెట్టెల మీద కీల్ ముద్ర పడడంతో పేరు కీల్‌దైపోయింది. పొట్లం ఐదు యూరోలు. మా తమ్ముడు రెండో పొట్లం కూడా కొన్నాడు.

మధ్యాహ్నం పడవలో లాబో వెళ్లాం. తీరాన 72 మీటర్ల ఎత్తున నావికుల స్మారక స్తంభం నిలబడి ఉంటుంది. 1927లో మొదలుపెట్టి 1936లో ముగించారు. దాని ముందు ఇసుకలో యు-995 జలాంతర్గామి. 1972 నుంచి జనం లోపలికి వెళ్లి చూస్తున్నారు. విశాఖ ఆర్.కె. బీచ్‌లోని కుర్సురాకు ఇలాంటి వరుసే కట్టేవాళ్లం చిన్నప్పుడు. జలాంతర్గామి అంటే జనానికి అంత మోజు. మైన్లు ఏరే ఓడల కోసం ఎవరూ వరుసలు కట్టరు. లోపలి హాల్లో ఓడల నమూనాల మధ్య తిరుగుతూ నాన్నకు ఫోన్ చేశాను.

"మైన్ ఎలా పేలుతుందో మర్చిపోయావా తల్లీ?" అని మొదటి నుంచి చెప్పుకొచ్చారు. ఇనుప గుండుకు పైన కొమ్ములుంటాయి. మెత్తని సీసంతో చేసిన కొమ్ములు. లోపల గాజు గొట్టంలో ఆమ్లం. ఓడ తగిలి కొమ్ము వంగితే గాజు పగులుతుంది, ఆమ్లం కారి బ్యాటరీలా పనిచేస్తుంది, ఆ విద్యుత్తు చాలు. ఈ గుండు నీటి అడుగున బరువుకు తాడుతో కట్టి ఉంటుంది. మైన్‌స్వీపర్ తన వెనక ఉక్కు తీగను పక్కకు విచ్చుకునేలా లాగుతూ పోతుంది. తీగకున్న కత్తెరలు మైన్ తాడును కోస్తాయి. గుండు పైకి తేలుతుంది. అప్పుడు తుపాకితో కాల్చి ముంచడమో పేల్చడమో చేస్తారు. "తీగ లాగే ఓడ మాత్రం ఇంకా ఏరని నీళ్ల మీదే పోవాలి కదా. అది గుర్తుంచుకో," అన్నారు. అయస్కాంతపు మైన్లు వచ్చాక ఈ పని మరీ ప్రమాదమైపోయింది. వాటికి ఓడ తగలనక్కరలేదు, ఇనుము దగ్గరికి వస్తే చాలు. బ్రిటిష్ విమానాలు బాల్టిక్ సముద్రంలో, డెన్మార్క్ జలసంధుల్లో అవి వేలకొద్దీ చల్లాయి. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు తోటపని. ఒక్కో నీటి దారికీ ఒక్కో పువ్వు పేరో కూరగాయ పేరో సంకేతం.

జర్మన్ల ఎం తరగతి ఓడలు ఏరివేత ఒక్కటే చేయలేదు. వాణిజ్య నౌకలకు కాపలా కాశాయి, జలాంతర్గాముల్ని వేటాడాయి, మైన్లు తామే పరిచాయి. 1935 నమూనావి చమురుతో నడిచేవి. చమురు కరువయ్యాక 1940 నమూనాను బొగ్గుతో నడిచేలా మార్చారు. 1943 నమూనా ఓడల్ని ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేసి ఒకచోట అతికించేవారు, బాంబుల మధ్య త్వరగా పూర్తి కావాలని. అవి పద్దెనిమిది మించి పూర్తి కాలేదు. ఎం-612 వాటిలో ఒకటి.

మే 3, ఫ్లెన్స్‌బుర్గ్

డెన్మార్క్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. ఒకప్పుడు కరీబియన్ నుంచి రమ్, చక్కెర తెచ్చి బతికింది. వర్తకుల పాత ఇళ్ల వెనక పొడుగాటి రాతి ముంగిళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నార్డర్‌స్ట్రాసే అనే వీధిలో తీగల మీద వందలాది బూట్లు వేలాడుతుంటాయి. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. నాకు అన్నిటికంటే నచ్చింది పాత ఓడలు నిలిపే రేవు. అక్కడ చెక్కబల్ల మీద కూర్చుని వేయించిన చేపముక్క పెట్టిన బన్ను తిన్నాం. పచ్చి ఉల్లిపాయ, నంజుకోవడానికి ఊరబెట్టిన దోసకాయ. ఆరు యూరోలు. సీగల్ పక్షులు చేతిలోంచి లాక్కుపోతాయని పక్కబల్ల పెద్దాయన ముందే హెచ్చరించాడు. బన్నును టోపీ కింద దాచుకుని తినే పద్ధతి కూడా చూపించాడు.

రేవుకు తూర్పు ఒడ్డున మూర్విక్. 1910 నాటి ఎర్ర ఇటుకల నౌకాదళ పాఠశాల చిన్న కోటలా గుట్ట మీద కనబడుతుంది. హిట్లర్ చనిపోయాక పగ్గాలు చేపట్టిన అడ్మిరల్ డ్యోనిట్జ్ ప్రభుత్వం చివరి మూడు వారాలు ఇక్కడి నుంచే నడిచింది. మే 23న బ్రిటిష్ సైన్యం వచ్చి అరెస్టు చేసేవరకు. ఒడ్డు వెంట నడిస్తే దగ్గరి నుంచి చూడవచ్చని ఫోనులోని పటం చెప్పింది. ఆ దారి నౌకాదళం కంచె దగ్గర ఆగిపోయింది. కుక్కను తిప్పుతున్న ఒకావిడ మమ్మల్ని చూసి, అడగకుండానే వెనక్కి తీసుకెళ్లి ఇళ్ల మధ్య నుంచి పైకెక్కే మెట్లు చూపించింది. దారి పొడుగునా మాట్లాడింది తక్కువ. మెట్ల దగ్గర 'మొయిన్' అని తల ఊపి వెళ్లిపోయింది. ఇక్కడ పొద్దున్నైనా రాత్రైనా పలకరింపు అదే.

ట్వెట్ అనే చోటు పక్కన అస్ముస్ యెప్సెన్ పేరున ఒక రాయి ఉంది. నౌకాదళంలో మంచి హోదా ఉన్న అధికారి. బాధ్యత వదిలేసి భార్యాబిడ్డల దగ్గరకు వెళ్లాడన్నది ఆయన మీద మోపిన నేరం. 1945 మే 6న, అంటే ఇక్కడ తుపాకులు మూగబోయిన మర్నాడు, కాల్చి చంపారు. మే 11న ఇదే మూర్విక్‌లో యోహాన్ క్రిస్టియాన్ జ్యూస్ అనే నావికుణ్ణి కూడా చంపారు. అప్పటికి జర్మనీ మొత్తం లొంగిపోయి మూడు రోజులు దాటింది. రాయి ముందు నిలబడి మా తమ్ముడు తేదీల్ని మళ్లీ మళ్లీ చదివాడు. "అక్కా, ఇది లొంగిపోయాక కదా?" అన్నాడు. అవునన్నాను.

మే 4, ఫ్రెడెరిసియా

సరిహద్దు దాటగానే డెన్మార్క్ పోలీసులు రైల్లో పాస్‌పోర్టులు చూశారు. మా ఇద్దరివి కాస్త ఎక్కువసేపే తిప్పారు, మర్యాదగానే. ఆ తర్వాత అంతా పసుపు రంగు ఆవపూల పొలాలు.

ఫ్రెడెరిసియా 1650లో కోటగా కట్టిన పట్టణం. మట్టి బురుజులు ఊరి చుట్టూ ఇప్పటికీ పచ్చగా ఉన్నాయి, వాటి మీద జనం పిల్లల్ని తిప్పుతున్నారు. పట్టణ ద్వారం దగ్గర సాధారణ సైనికుడికి 1858లో నిలబెట్టిన విగ్రహం. రాజుకో సేనాపతికో కాకుండా మామూలు జవానుకు అంత పెద్ద విగ్రహం ఆ రోజుల్లో అరుదు. దాన్ని చూస్తుంటే నాకు పేర్లు తెలియని నావికులే గుర్తొచ్చారు.

రేవు వైపు చూపిన గుర్తుల వెంట వెళితే సరుకుల రేవు గేటు తగిలింది, లోపలికి అనుమతి లేదు. సైకిల్ ఆపి ఒక కుర్రవాడు, నీళ్లు చూడాలంటే బురుజుల చివరికి వెళ్లమన్నాడు. అక్కడి నుంచి లిటిల్ బెల్ట్ జలసంధి బాగా కనబడింది. దూరంగా 1935 నాటి పాత వంతెన, 1970లో వచ్చిన కొత్త వేలాడే వంతెన. నీళ్లు ఇరుకు, ప్రవాహం వడి ఎక్కువ. ఎం-612 ఆ మే మొదటి వారంలో లంగరు వేసింది ఈ నీళ్లలోనే. తూర్పు బాల్టిక్‌కు వెళ్లి, సోవియట్ సైన్యం ముందుకు రావడంతో అక్కడ చిక్కుకున్న జర్మన్లను తీసుకురావాలన్నది దానికి వచ్చిన ఆజ్ఞ.

రాత్రి భోజనం మేం దిగిన ఇంటావిడే పెట్టింది. నల్లటి రై రొట్టె ముక్క మీద వేయించిన చేప, పైన నిమ్మముక్క, సోవా ఆకు. చాకూ ఫోర్కుతో తినాలి, చేత్తో పట్టుకోకూడదని మెల్లగా చెప్పింది. డెన్మార్క్‌లో బయట తినాలంటే జేబుకు భారమే. మధ్యాహ్నం రెండు కాఫీలు, రెండు బన్నులకే 160 క్రోనర్లు అయ్యాయి. ఒక హోటల్ ముందు మూడు చక్రాల బండ్లలో పసిపిల్లలు చల్లగాలిలో నిద్రపోతున్నారు, తల్లులు లోపల కాఫీ తాగుతున్నారు. మా తమ్ముడు ఆగిపోయి అటూ ఇటూ చూశాడు. ఇక్కడ అది మామూలే.

ఎనిమిదిన్నర దాటాక ఇంటావిడ మా గది తలుపు తట్టింది. చేతిలో రెండు తెల్ల కొవ్వొత్తులు, రెండు చిన్న ఇత్తడి గిన్నెలు. "మీ కిటికీలో కూడా పెట్టండి," అంది. 1945 మే 4 రాత్రి 8:35కు బీబీసీ డేనిష్ వార్తల మధ్యలో, జర్మన్ బలగాలు లొంగిపోయాయని చదివారు. జర్మన్ ఆక్రమణలో ఐదేళ్లుగా బ్లాక్‌ఔట్ కోసం కట్టుకున్న నల్ల పరదాల్ని జనం చించేసి కిటికీల్లో కొవ్వొత్తులు వెలిగించారు. ఆ రాత్రిని ఇప్పటికీ అలాగే జరుపుకుంటారు. కొవ్వొత్తి మొదట్లో సరిగా నిలబడలేదు. ఇంటావిడ అగ్గిపుల్లతో అడుగు భాగం కరిగించి, గిన్నెలో రెండు చుక్కల మైనం పోసి, దాని మీద గట్టిగా నొక్కి పట్టుకుంది. గట్టిపడేదాకా వేలు తీయలేదు. ఎదురింటి కిటికీల్లో కూడా నాలుగైదు వెలుగుతున్నాయి. వీధిలో ఎవరూ కేకలు వేయలేదు, పాటలు పాడలేదు.

ఇదే ఊరి నీళ్ల మీద లంగరేసి ఉన్న జర్మన్ నావికులకు కూడా ఆ వార్త చేరింది. ఒడ్డున జనం యుద్ధం అయిపోయిందని సంబరపడుతుంటే, వాళ్లను మాత్రం ఇంకా తూర్పుకు వెళ్లమంటున్నారు.

మే 5, సోనర్‌బోర్గ్

ఆల్స్ ద్వీపం అంచున ఉన్న పట్టణం. జలసంధి మీద 1930 నాటి వంతెన మధ్యలో తెరుచుకుని ఓడలకు దారి ఇస్తుంది. నీళ్లకు ఆనుకుని ఎర్రని కోట. ఎదురుగా, ప్రధాన భూభాగం వైపు, గుట్ట మీద డ్యుబ్బోల్ తెల్ల గాలిమర. 1864 ఏప్రిల్ 18న ప్రష్యా సైన్యం ఆ గుట్టను గెలిచి ఈ ప్రాంతాన్ని జర్మనీ వైపు లాక్కుంది, 1920లో ప్రజాభిప్రాయం తర్వాత ఇది డెన్మార్క్‌కు తిరిగొచ్చింది. ఇక్కడివాళ్ల ఇళ్లలో రెండు భాషలు, రెండు సైన్యాల ఫోటోలు ఉంటాయి.

నేను కోట గోడ పక్కన, నీళ్ల అంచున ఉన్న దారిలో ఎక్కువసేపు గడిపాను. దక్షిణంగా చూస్తే జలసంధి విప్పారి ఫ్లెన్స్‌బుర్గ్ ఫియర్డ్‌లో (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) కలుస్తుంది. ఇక్కడి నుంచి జర్మన్ తీరం స్పష్టంగా కనబడుతుంది. ఎం-612 నావికులు చేరాలనుకున్నది ఆ ఒడ్డుకే.

వరుసగా చెబుతాను. మే 4న హాంబర్గ్‌కు దగ్గరలోని ల్యూనెబుర్గ్ మైదానంలో బ్రిటిష్ సేనాపతి మాంట్‌గోమరీ ఎదుట జర్మన్ ప్రతినిధులు సంతకం చేశారు. వాయవ్య జర్మనీ, హాలెండ్, డెన్మార్క్‌లలోని బలగాలన్నీ, అక్కడి నౌకలతో సహా, మే 5 ఉదయం 8 గంటల నుంచి కాల్పులు ఆపాలి. ఆ ఉదయం ఫ్రెడెరిసియా దగ్గర ఎం-612కు మాత్రం తూర్పుకు బయలుదేరమన్న ఆజ్ఞ మారలేదు. హైన్రిష్ గ్లాస్‌మాఖర్ అనే యువ నావికుడు ముందు నిలిచాడు. అతని తోటివాళ్లు అధికారుల చేతుల్లోని ఆయుధాలు తీసుకుని, వాళ్లను కింద గదుల్లో పెట్టి తాళం వేశారు. ఎవర్నీ చంపలేదు, గాయపరచలేదు. ఓడను దక్షిణంగా, లిటిల్ బెల్ట్ వెంట, ఫ్లెన్స్‌బుర్గ్ వైపు తిప్పారు. ఇంటికి పోవాలన్నదే వాళ్ల కోరిక.

సోనర్‌బోర్గ్ దగ్గరికి వచ్చేసరికి జర్మన్ స్నెల్‌బోట్లు, అంటే వేగంగా వెళ్లే టార్పెడో పడవలు, అడ్డుపడ్డాయి. ఓడను ఆపి ఆక్రమించుకున్నాయి. అప్పటికప్పుడు నౌకాదళ కోర్టు కూర్చుంది. సుమారు ఇరవై మందిని నిలబెట్టి విచారించారు. పదకొండు మందికి మరణశిక్ష. తీర్పు అదే రాత్రి, ఓడ మీదే అమలైంది. శరీరాలకు బరువులు కట్టి సముద్రంలో పడేశారు. కొన్ని తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చనిపోయినవాళ్లలో చాలామందికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ.

అదే సమయంలో ఒడ్డున ఏం జరుగుతోంది? డెన్మార్క్ అంతటా జెండాలు. వీధుల్లోకి వచ్చిన జనం. సోనర్‌బోర్గ్‌లో కూడా అంతే ఉండి ఉంటుంది. కోట దగ్గర బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఎక్కడి నుంచి అని అడిగారు. భారతదేశం నుంచి అన్నాం. ఎం-612 గురించి వచ్చామంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మకు అప్పుడు పదేళ్లు. ఆ రోజంతా జెండా పట్టుకుని తిరిగిందట. నీళ్ల మీద ఏం జరుగుతోందో ఒడ్డున ఎవరికి తెలుసు," అన్నారు. తన ఫ్లాస్కులోని కాఫీ మాకు కూడా పోసి ఇచ్చారు.

మా తమ్ముడు అక్కడే నన్ను నిలదీశాడు. "అక్కా, తూర్పున చిక్కుకున్నవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు కదా? వాళ్లను తీసుకురావడానికి వెళ్లమంటే తప్పేముంది?" మంచి ప్రశ్న. తేలిగ్గా కొట్టిపారేయలేను. 1945 తొలి నెలల్లో జర్మన్ ఓడలు లక్షలాది మందిని తూర్పు తీరం నుంచి దాటించాయి. ఆ పనిలో వేలమంది చనిపోయారు కూడా. ఎం-612 వెళ్లి ఉంటే మరికొన్ని వందల మంది ప్రాణాలు దక్కేవేమో. ఆ ఆజ్ఞ పాటించని కుర్రవాళ్లను నేను వీరులని పొగడను. కానీ లొంగుబాటు అమల్లోకి వచ్చాక, ఒక్క చుక్క రక్తం చిందించని నావికుల్ని, గంటల్లో విచారించి, రాత్రికి రాత్రే కాల్చి, చీకట్లో నీళ్లలో పడేయడం ఎవరి ప్రాణాలు కాపాడటానికి? ఓడ అప్పటికే వాళ్ల చేతుల్లో లేదు. తిరుగుబాటు అణిగిపోయింది. వాళ్లను ఒడ్డుకు తెచ్చి బ్రిటిష్ వాళ్లకు అప్పగించినా, జైల్లో పెట్టినా ఏ ఓడా ఆగేది కాదు. అధికారులకు కావలసింది కీల్‌లో 1918లో పోగొట్టుకున్న పట్టు. రాజ్యం కూలిపోయినా తమ మాట చెల్లుతోందని ఆఖరుసారి చూపించుకోవాలి. దానికి పదకొండు మంది బలయ్యారు. ఇదే నా మాట, తమ్ముడికీ ఇదే చెప్పాను. వాడు ఇంకా ఆలోచిస్తానన్నాడు.

సాయంత్రం దక్షిణ జట్లాండ్ కాఫీ బల్ల గురించి ఎవరో చెబితే వెతుక్కుంటూ వెళ్లాం. ఒకే బల్ల మీద బన్నులు, మెత్తటి కేకులు, కరకరలాడే బిస్కెట్లు వరుసగా వస్తూనే ఉంటాయి. జర్మన్ పాలనలో డేనిష్ సంఘాలు ఇళ్లలో, గ్రామ సభాగృహాల్లో ఇలా కాఫీకి చేరి కూర్చునే రోజుల్లో ఈ అలవాటు పెరిగిందట. రై రొట్టె పొడి, జీడిపప్పులాంటి గింజ, మీగడ కలిపి పొరలుగా చేసిన కేకు నాకు బాగా నచ్చింది. అంతగా తీపి ఉండదు, పుల్లటి పండ్ల జామ్ మధ్యలో వస్తుంది. వడ్డించే అమ్మాయి ప్రతి రకం నుంచీ ఒక ముక్క తీసుకోవడం మర్యాద అంది. తలా 150 క్రోనర్లు దాటింది, కానీ రాత్రి భోజనం అక్కరలేకపోయింది.

మే 6, గెల్టింగ్ తీరం

సరిహద్దు ఇవతలికి, జర్మన్ వైపు ఫియర్డ్ ఒడ్డుకు వచ్చాం. దారిలో డేనిష్ ఒడ్డున సోనర్‌హావ్ దగ్గర ఆనీస్ కియోస్క్ అనే హాట్‌డాగ్ దుకాణం దగ్గర దిగాం. ఎదురుగా నీళ్లలో చిన్న ఎద్దు దీవులు. మోటార్ సైకిళ్ల మీద వచ్చినవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్న తాతలు, అందరూ ఒకే వరుసలో నిలబడ్డారు. రొట్టె, ఎర్రని సాసేజ్, వేయించిన ఉల్లిపాయ పొడి, పచ్చడి చేసిన దోస. సాసేజ్ తినని నాకు చేపముక్కల పొట్లం దొరికింది. రోడ్డు పక్క ఒక ఇంటి ముందు చెక్క అరలో బంగాళాదుంపలు, జామ్ సీసాలు పెట్టి ఉన్నాయి. మనిషి లేడు. డబ్బాలో డబ్బులు వేసి తీసుకోవాలి. ఊళ్లవాళ్లు ఫోనుతో చెల్లిస్తున్నారు, మేము నాణేలు వేసి ఒక జామ్ సీసా తీసుకున్నాం.

బస్సులు తక్కువ. నార్గార్డ్‌హోల్జ్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గెల్టింగ్ ఖాతం ఒడ్డున అక్కడొక స్మారక శిల ఉంది. ఇది ఎం-612 వాళ్లది కాదు. ఫ్రిట్జ్ వేర్మాన్, మార్టిన్ షిల్లింగ్, ఆల్ఫ్రెడ్ గైల్ అనే ముగ్గురు నావికులది. 26, 22, 20 ఏళ్లవాళ్లు. లొంగుబాటు వార్త విని డెన్మార్క్‌లోని స్వెన్‌బోర్ నుంచి ఇంటికి బయలుదేరారు, పట్టుబడ్డారు. ఇదే ఖాతంలో ఉన్న బుయేయా అనే ఓడ మీద మే 10న కాల్చి చంపారు. జర్మనీ అంతటా యుద్ధం ముగిసి రెండు రోజులైంది. ఆ ఓడ కూడా స్నెల్‌బోట్ల అధిపతి రుడాల్ఫ్ పీటర్సన్ కింద ఉన్నదే. యుద్ధం తర్వాత ఆ కేసు హాంబర్గ్ కోర్టులో ఏళ్లపాటు నడిచింది. 1953లో పీటర్సన్ నిర్దోషిగా బయటికొచ్చాడు. సైన్యం వదిలి వెళ్లినవారిపై నాజీ కాలపు సైనిక కోర్టులు ఇచ్చిన తీర్పుల్ని జర్మన్ పార్లమెంటు చట్టం చేసి రద్దు చేసింది మాత్రం 2002లో.

హాంబర్గ్‌కు వచ్చాక నాన్నతో మాట్లాడినప్పుడు ఆయన ఒక సంగతి అడిగారు, మిగిలిన మైన్‌స్వీపర్లన్నీ ఏమయ్యాయని. వాటి పని యుద్ధంతో ముగియలేదు. ఏ పక్షం పరిచిన మైన్లైనా సముద్రంలో అలాగే ఉన్నాయి. 1945 వేసవిలో బ్రిటిష్ వాళ్లు జర్మన్ నావికులతోనే ఒక ఏరివేత సంస్థ పెట్టించారు, గ్లూక్‌స్టాట్ కేంద్రంగా. సుమారు 27 వేల మంది, 300 ఓడలు. రెండున్నరేళ్లలో 2,721 మైన్లు ఏరారు. 348 మంది చనిపోయారు, పది ఓడలు మునిగాయి. "అదీ నిజమైన మైన్‌స్వీపర్ల పని," అన్నారు నాన్న. తర్వాత గ్లాస్‌మాఖర్ పేరు మళ్లీ ఒకసారి చెప్పమని అడిగి, డైరీలో రాసుకున్నారు.